అద్దం పంటికి తగిలే చప్పుడు

నోటి అద్దం పంటికి తగిలితే ఒక చప్పుడు వస్తుంది. పక్కన నిలబడినవాళ్లకు అది వినపడకపోవచ్చు. కుర్చీలో పడుకున్న మనిషికి మాత్రం ఎముక గుండా నేరుగా చెవిలోకి వెళ్తుంది. నా మొదటి రోగి నోట్లో నా అద్దం అలా టకటకమని కొట్టుకుంది. ఒకసారి తగిలి ఆగలేదు, తగులుతూనే ఉంది. ఆయన కళ్లు పైకెత్తి నా ముఖంలోకి చూశారు. అద్దం బయటికి తీశాక, "చలిగా ఉందామ్మా?" అని అడిగారు. ఎంతో మెత్తగా అడిగారు. ఆ మెత్తదనమే నన్ను ఎక్కువ బాధపెట్టింది. ఆయనకు అంతా అర్థమైపోయిందని, నా పరువు కాపాడడానికే అలా అడిగారని తెలుస్తూనే ఉంది.

ఇది జరిగి పదకొండేళ్లయింది. ఈ పదకొండేళ్లలో నా చేతుల వణుకు పూర్తిగా పోలేదు. ఆ మాట ముందే చెప్పడం న్యాయం. ఈ వృత్తికి పనికివస్తామా, పనికిరామా అని రాత్రిళ్లు నిద్రపట్టక ఆలోచిస్తున్న దంతవైద్య విద్యార్థులు, సర్జరీ శిక్షణలో ఉన్నవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే, వణుకును మాయం చేసే ఉపాయం నా దగ్గర లేదు. వణికే చేతిని ఎక్కడ ఆనించాలో మాత్రం చెప్పగలను.

మొదటి ఏడాది మైనపు దిమ్మల్లోంచి పళ్లు చెక్కేటప్పుడు నా ఇబ్బంది ఎవరి కంటా పడలేదు. మైనంతో తప్పు జరిగితే కరిగించి మళ్లీ అద్దుకోవచ్చు. ఫాంటమ్ హెడ్ ముందు కూర్చున్నాకే బయటపడింది. ఒక ఉక్కు తల, దానికి రబ్బరు బుగ్గలు, లోపల టైపోడాంట్ పళ్లు, అంటే సాధనకు వాడే కృత్రిమ పళ్లు. రెండు పళ్లు ఒకదానికొకటి ఆనుకునే చోట క్యావిటీ తవ్వాలి, పక్క పంటి మీద గీత పడకూడదు. పళ్లు తవ్వే డ్రిల్లు ఎయిరోటార్. దాని చివర ఉండే కోసే మొన, బర్, నిమిషానికి మూడు లక్షలకు పైగా చుట్లు తిరుగుతుంది. వెంట్రుకవాసి తప్పినా పక్క పంటి మీద దాని గుర్తు ఉండిపోతుంది. సాయంత్రం అందరూ వెళ్లిపోయాక ల్యాబ్‌లో ఒక్కదాన్నే కూర్చుని చేస్తే గీత పడేది కాదు. వెనుక ఎవరైనా వచ్చి నిలబడితే చాలు, పడేది. పరీక్ష రోజున ఒకే పంటి మీద మూడు గీతలు పడ్డాయి. అప్పట్లో ఆ గీతలనే చూశాను. సాయంత్రాలు గీత పడకపోవడంలోనే అసలు సమాధానం ఉందని నాకు తట్టలేదు.

చాలామందిలాగే నేనూ మొదట చేసిన పని దాచడం. ట్రేలో కళ్లెదుట ఉన్న పరికరాన్ని వెతుకుతున్నట్టు నటించేదాన్ని. "నువ్వు ముందు చెయ్యి, నేను తర్వాత చేస్తాను" అని పక్క అమ్మాయిని ముందుకు తోసేదాన్ని. చెయ్యి కదలకూడదని పరికరాన్ని ఎంత బిగించి పట్టుకునేదాన్నంటే గోళ్ల కొసలు తెల్లబడేవి. ఊపిరి బిగబట్టేదాన్ని. రాత్రంతా మేలుకుని సాధన చేసి, పొద్దున ఖాళీ కడుపుతో రెండు కప్పుల కాఫీ తాగి వెళ్లేదాన్ని. చేతికి బలం వస్తుందని పరీక్ష హాలు బయట నిలబడి రబ్బరు బంతి నొక్కేదాన్ని.

ఇందులో వణుకును తగ్గించేది ఒక్కటీ లేదు. బిగించి పట్టుకుంటే వేళ్లను ముడిచే కండరాలు, చాచే కండరాలు రెండూ ఒకేసారి లాగుతాయి, ఆ పెనుగులాటలో చెయ్యి ఇంకా అదురుతుంది. బంతి నొక్కితే అలసిన కండరంతో పరీక్షలోకి అడుగుపెట్టినట్టే. నిద్రలేమి, ఆకలి, కాఫీ గురించి వేరే చెప్పక్కర్లేదు. చేతులు వణికే పిల్ల వణుకును పెంచే పనులన్నీ ఏరికోరి చేసి, ఆ తర్వాత తన చేతులనే తిట్టుకుంది. ఆ పిల్ల మీద నాకు ఇప్పటికీ జాలి వేస్తుంది.

మూడు గీతల పరీక్ష తర్వాత ఒక మేడం నన్ను తన గదికి పిలిచారు. తిడతారనుకున్నాను. పాఠం చెప్పేటప్పుడు వాడే లేజర్ పాయింటర్ తీసి, చెయ్యి చాచి, ఎదురుగా ఉన్న గోడ మీదికి వేశారు.

"చుక్క ఎలా ఉంది?"

"కదులుతోంది, మేడం."

"కదులుతోందా, గంతులేస్తోందా? సరిగ్గా చూసి చెప్పు."

గంతులేస్తోంది. ఎన్నో ఏళ్లుగా ఎంతోమందికి రూట్ కెనాల్ చేస్తున్న చెయ్యి అది. తర్వాత ఆవిడ మణికట్టును బల్ల అంచుకు ఆనించారు. చుక్క పూర్తిగా నిలవలేదు కానీ, పళ్లెమంత మేర తిరుగుతున్నది కాస్తా బొట్టంత చోటుకు వచ్చేసింది. "నా చెయ్యి మారిందా? లేదు. ఆనింది, అంతే. నువ్వు పని చేస్తుంటే నేను నీ వేళ్లు చూశాను. ఉంగరపు వేలు గాల్లో ఉంది" అన్నారు.

వణుకు గురించి చదవడం ఆ రోజే మొదలుపెట్టాను. ఆరోగ్యంగా ఉన్న ప్రతి మనిషి చేతిలోనూ సెకనుకు సుమారు 8 నుంచి 12 సార్లు కదిలే సన్నని వణుకు ఉంటుంది. మామూలు కంటికి ఆనదు. గుండె కొట్టుకున్నప్పుడల్లా చేతికి తగిలే చిన్న తాకిడి కూడా అందులో ఒక పాలు. భయం వేసినప్పుడు రక్తంలోకి వచ్చే అడ్రినలిన్, కండరాల్లో దాన్ని అందుకునే బీటా-2 గ్రాహకాల మీద పనిచేసి ఆ సన్నని వణుకునే కంటికి కనపడేంత పెద్దది చేస్తుంది. అంటే ఒంటరిగా ఉన్నప్పుడు లేనిది, మేడం వెనుక నిలబడగానే ఎక్కడినుంచో ఊడిపడలేదు. ముందునుంచీ ఉన్నదే పెద్దదైంది. శస్త్రచికిత్సకు వాడే డా విన్చీ రోబోకు అమెరికాలో 2000లో అనుమతి వచ్చింది. సర్జన్ చేతి వణుకును వడకట్టి, కదలికను మాత్రమే పరికరం కొసకు పంపడం దాని పనుల్లో ఒకటి. ఆ యంత్రం దగ్గర కూర్చునేది కొత్తవాళ్లు కాదు, ఆరితేరిన సర్జన్లు. అది చదివిన రోజు నేను ఏడ్చాను. కొన్నేళ్లుగా ఒక్కదాన్నే మోస్తున్నాననుకున్న బరువు ప్రపంచంలో అందరికీ ఉందని తెలిస్తే ఏడుపు రాక ఏం చేస్తుంది!

ఇక ఆనించడం గురించి. ప్రతి పాఠ్యపుస్తకంలోనూ ఫింగర్ రెస్ట్ అనో ఫల్క్రమ్ అనో దీని గురించి ఒక పేరా ఉంటుంది. అందరం చదువుతాం, పరీక్షలో రాస్తాం, నోట్లో చెయ్యి పెట్టగానే మరిచిపోతాం. అందుకే కొంచెం వివరంగా చెప్తాను.

పరికరాన్ని బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు పట్టుకుంటాయి. ఉంగరపు వేలు పంటి మీద నిలబడుతుంది. చెయ్యి మొత్తానికి అదే స్తంభం. అది మధ్యవేలిని తాకుతూ ఉండాలి. రెండూ విడిపోయిన క్షణాన స్తంభం విరిగినట్టే. వీలైనంతవరకు పని చేస్తున్న దవడలోనే, పని చేస్తున్న పంటికి దగ్గరలోనే ఆనాలి. నేను చాలాకాలం కింది పంటి మీద వేలు పెట్టి పై పంటికి పని చేశాను. కింది దవడ కదిలే ఎముక. రోగి మింగితే నా స్తంభమూ కదిలేది, నేనేమో నా చెయ్యి వణికిందనుకునేదాన్ని. ఇంకొక సంగతి ఏ పుస్తకంలోనూ నా కంటపడలేదు: వేలు పెట్టే పంటిని ముందు దూదితో తుడవండి. ఉమ్మి తడి మీద గ్లవ్ జారుతుంది. జారే వేలు భయాన్ని పెంచుతుంది, భయం వణుకును పెంచుతుంది. ఆ తుడవడానికి పట్టే రెండు క్షణాల్లో ఊపిరి కూడా ఒకసారి నెమ్మదిగా వదలవచ్చు.

ఆనడానికి పన్నే లేకపోతే? గడ్డం ఉంది, చెంప ఎముక ఉంది. అదీ కాకపోతే బుగ్గను పక్కకు పట్టుకున్న నా ఎడమచేతి వేలే నా కుడిచేతికి ఆధారం.

వేలు మాత్రమే ఆని, భుజం గాల్లో తేలితే లాభం లేదు. రోగి నోరు నా మోచేతి ఎత్తులో ఉండాలి, మోచేతులు నా పక్కటెముకలకు దగ్గరగా ఉండాలి, పాదాలు రెండూ నేల మీద ఉండాలి. నేను పొట్టిదాన్ని. రెండేళ్లపాటు కుర్చీని నా పొడుగుకు దించుకోవాలన్న ఆలోచనే రాలేదు. నాకంటే ముందు కూర్చున్నవాళ్ల ఎత్తులోనే భుజాలు పైకెత్తి పని చేశాను. మధ్యాహ్నానికి చెయ్యి అదిరేది. అందులో సగం కుర్చీ తప్పే.

ఎయిరోటార్ పట్టుకున్నప్పుడు వేలు ఆనాకే కాలితో పెడల్ నొక్కాలి. బర్ తిరుగుతూనే పంటిని తాకాలి, తిరుగుతూనే బయటికి రావాలి. దాన్ని నొక్కక్కర్లేదు, కుంచెతో రంగు వేస్తున్నట్టు తేలిగ్గా తాకిస్తే కోసుకుపోతుంది. పట్టు వదులు చేస్తే పరికరం జారిపోతుందని నా భయం. జారదు. పిడి కొంచెం లావుగా ఉన్న పరికరాలు తీసుకున్నాక పట్టు ఇంకా తేలికైంది.

మత్తు ఇంజెక్షన్ నాకు అన్నిటికంటే కష్టంగా ఉండేది. సూది పొడవు కాబట్టి చేతిలో ఉన్న కొద్దిపాటి కదలిక కొస దగ్గర పెద్దగా కనపడుతుంది, అదీ రోగి కళ్ల ముందు. కింది దవడ నరానికి మత్తు ఇచ్చేటప్పుడు సిరంజి గొట్టాన్ని ఎదుటి వైపు ప్రీమోలార్ పళ్ల (కోరపంటి వెనుక ఉండే చిన్న దవడ పళ్ల) మీద ఆనించవచ్చని, చిటికెన వేలిని గడ్డం మీద పెట్టుకోవచ్చని, ఎడమచేతి బొటనవేలు లోపల ఎముక అంచును పట్టుకుని దారి చూపిస్తుందని తెలిశాక సగం భయం పోయింది. రోగి భుజం మీదో చేతి మీదో మాత్రం ఆనకూడదు. ఆయన ఉలిక్కిపడి కదిలితే సూదీ కదులుతుంది. ఒక కార్ట్రిడ్జ్‌లో 1.8 మిల్లీలీటర్ల మందు ఉంటుంది. దాన్ని కనీసం ఒక నిమిషం పట్టేలా నెమ్మదిగా వదలాలి. ఈ నిదానం రోగి నొప్పి తగ్గించడానికి పెట్టిన నియమం. నాబోటివాళ్లకు అది వరం కూడా. ఎవరూ తొందరపెట్టడానికి వీల్లేని నిమిషం అది.

ఇక్కడ మాత్ర సంగతి చెప్పాలి. మా క్లాసులో ఒకతను పరీక్షకు గంట ముందు ప్రొప్రనొలాల్ అనే గుండె దడ తగ్గించే మాత్ర వేసుకునేవాడు. "ఒకటి వేసుకో, చెయ్యి రాయిలా ఉంటుంది" అని నాకూ ఇవ్వబోయాడు. అతను చెప్పినది అబద్ధం కాదు. కంటి శస్త్రచికిత్స నేర్చుకుంటున్న వైద్యుల మీద 1998లో వెలువడిన ఒక చిన్న అధ్యయనంలో ఆ మందు వణుకును తగ్గించిందని తేలింది. మాత్ర చేతిలోకి తీసుకున్నాను కూడా. కానీ నాకు చిన్నప్పటినుంచి ఉబ్బసం. ఏదో అనుమానం వచ్చి వేసుకోలేదు. ఆ మర్నాడు ఒక ఫిజీషియన్ దగ్గరికి వెళ్లాను.

ఆయన నా చేత కాగితం మీద శంఖంలా చుట్టలు గీయించారు. నీళ్ల గ్లాసు పట్టుకుని తాగమన్నారు. ఇంట్లో ఇంకెవరికైనా వణుకు ఉందా అని అడిగారు. థైరాయిడ్ పరీక్ష రాశారు, ఎందుకంటే ఆ గ్రంథి అతిగా పనిచేసినా చేతులు వణుకుతాయి. చివరికి, ఏం మందులు వాడుతున్నావని అడిగారు. "సాల్బుటమాల్ ఇన్‌హేలర్, సర్. ఈ మధ్య కొంచెం ఎక్కువే వాడుతున్నాను, పరీక్షల ముందు గుండె పట్టేసినట్టు ఉంటోంది." ఆయన కలం కింద పెట్టి నావైపు చూశారు. ఊపిరితిత్తుల గొట్టాలను తెరిచే ఆ మందు, కండరాల్లోని అవే బీటా-2 గ్రాహకాల మీద కూడా పనిచేస్తుంది. వణుకు దాని మామూలు దుష్ప్రభావం. నేను పరీక్షకు ముందు భయంతో రెండు మూడు పీల్పులు పీల్చి, వణికే చేతులను నాకు నేనే తయారు చేసుకుని లోపలికి వెళ్తున్నాను. ఇక ఆ మాత్ర సంగతి. ప్రొప్రనొలాల్ ఆ గ్రాహకాలను మూసేస్తుంది. ఉబ్బసం ఉన్నవాళ్లకు అది ఊపిరిగొట్టాలను బిగించి ప్రాణం మీదికి తేవచ్చు. ఏమీ తెలియకుండా ఒక స్నేహితుడి అరచేతిలోంచి నేను తీసుకున్నది అది.

ఈ ఒక్క విషయంలో బతిమాలి చెప్తున్నాను: ఒకరి మాత్ర ఇంకొకరు వేసుకోకండి. వైద్యుడు చూసి, మీ గుండె, మీ ఊపిరితిత్తులు, మీరు వాడే ఇతర మందులు తెలుసుకుని ఇస్తే అది చికిత్స. అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. నాకు ఆయన రోజూ వాడే నివారణ ఇన్‌హేలర్ సరిచేసి ఇచ్చారు. ఉబ్బసం అదుపులోకి వచ్చాక సాల్బుటమాల్ అవసరం బాగా తగ్గింది, దానితోపాటు వణుకులో ఒక పెద్ద భాగమూ తగ్గింది.

అందరిదీ నాలాంటి వణుకు కాకపోవచ్చు. ఎవరూ చూడకపోయినా, భయం లేకపోయినా, గ్లాసు ఎత్తినా సంతకం పెట్టినా చెయ్యి వణుకుతుంటే, ఇంట్లో అమ్మకో తాతకో కూడా అలాగే ఉంటే, అది ఎసెన్షియల్ ట్రెమర్ కావచ్చు. దానికి నరాల వైద్యుడు ఉన్నాడు, మందులు ఉన్నాయి. మా సీనియర్ ఒకాయనకు అదే. మందు వాడుతూ కొన్నేళ్లు పని చేసి, తర్వాత తనే ఆలోచించుకుని ఓరల్ మెడిసిన్, రేడియాలజీ వైపు వెళ్లారు. నోటిలో ఒక మచ్చ చూసి అది ఏమిటో ఆయన చెప్పినట్టు చెప్పగలిగినవాళ్లను నేను చూడలేదు. ఆయన ఓడిపోయారని ఎవరైనా అంటే నాకు కోపం వస్తుంది.

నా స్నేహితురాలు ఒకామె మైక్రోసర్జరీ నేర్చుకుంటోంది. ఆమె కుట్లకు వాడే 10-0 అనే సన్నని దారం మందం ఒక మిల్లీమీటరులో నలభయ్యో వంతు అటూ ఇటూ. సూక్ష్మదర్శిని కింద వణుకు కూడా అన్ని రెట్లూ పెద్దదై, తెర మీద గదిలో అందరికీ కనపడుతుంది. మొదట్లో గంటలకొద్దీ రిట్రాక్టర్ (కోత అంచులను పక్కకు లాగి ఉంచే పరికరం) పట్టుకుని నిలబడి, ఆ అలసిన చేత్తోనే కుట్లు వేయడానికి కూర్చునేది. "చెయ్యి నాది కాదనిపించేది" అంటుంది. ఇప్పుడు ఆమె మొదలుపెట్టే ముందు చేసే మొదటి పని తువ్వాళ్లు చుట్టించుకుని ముంజేతుల కింద పెట్టించుకోవడం. చిటికెన వేలి వైపు అరచేతి అంచు పూర్తిగా ఆనేదాకా సూది ముట్టుకోదు. ముందు రోజు బరువులెత్తే వ్యాయామం కూడా మానేసింది. నేను నోట్లో ఉంగరపు వేలికి చోటు వెతుకుతాను, ఆమె బల్ల మీద ముంజేతికి చోటు వెతుకుతుంది.

ఒకరు చూస్తుంటే వణకడం మాత్రం ఆనించినంత మాత్రాన పోలేదు. దానికి చూసేవాళ్లనే పిలవాల్సి వచ్చింది. సాయంత్రాలు ఒంటరిగా సాధన చేయడం మానేసి, ఇద్దరు స్నేహితురాళ్లను వెనుక నిలబడమన్నాను. మొదటి వారం చాలా ఘోరంగా చేశాను. నాలుగో వారానికి వాళ్లు ఉన్నారన్న ధ్యాస పోయింది. తర్వాత, పరీక్షకు ముందు ఆ మేడంతో నోరు తెరిచి చెప్పాను: "మేడం, మీరు పక్కన ఉంటే నా చేతులు వణుకుతాయి. నేను కాస్త నిదానంగా మొదలుపెడతాను." ఆ వాక్యం చెప్పడానికి నాకు రెండేళ్లు పట్టింది. ఆవిడ, "సరే, వేలు ఆనాక నాకు చెప్పు, అప్పుడు చూస్తాను" అన్నారు. దాచాల్సిన పని లేకపోయేసరికి, దాచడానికి పడే శ్రమ అంతా చేతిలోంచి దిగిపోయింది.

రోగులతో కూడా అంతే. చేతులు అదిరిన రోజున "ఒక్క నిమిషం ఆగి మొదలుపెడదామండీ" అంటాను. ఆ మాటకు కుర్చీలోంచి లేచి వెళ్లిపోయినవాళ్లు ఇంతవరకు లేరు.

పోయిన వారం ఒకావిడకు పైదవడ ఎడమవైపు రెండో దవడ పన్నుకు రూట్ కెనాల్. అంతకుముందు రాత్రి సరిగ్గా నిద్రలేదు. పంటి చుట్టూ ఉమ్మి చేరకుండా రబ్బరు డ్యామ్ అనే పలుచని తెర వేసి, పంటిని తెరిచి, పంటి వేరు కాలువను శుభ్రం చేసే సూదిలాంటి పదో నంబరు ఫైలు తీసుకున్నాను. దాని కొస మిల్లీమీటరులో పదో వంతు. కాలువ రంధ్రం అద్దంలో కనపడుతోంది, ఫైలు దాని చుట్టూ తిరుగుతోంది తప్ప లోపలికి పోవడం లేదు. ఎడమచేతిలో అద్దం పంటికి కొట్టుకుంది. టక, టక. ఆవిడ కళ్లు తెరిచారు.

అద్దం, ఫైలు రెండూ బయటికి తీశాను. "ఒక్క నిమిషమండీ" అన్నాను. నా కుర్చీని ఆవిడ తల వెనుకకు, పన్నెండు గంటల స్థానానికి జరుపుకున్నాను. ఆవిడ తలను కొంచెం నావైపు తిప్పాను. ఎత్తు దించాను. అద్దం పట్టుకున్న ఎడమచేతి ఉంగరపు వేలిని కోరపంటి మీద, కుడిచేతి ఉంగరపు వేలిని ప్రీమోలార్ మీద పెట్టి, మధ్యవేళ్లు వాటికి ఆనాయో లేదో చూసుకున్నాను. ఊపిరి వదిలాను. ఫైలు కొస రంధ్రం అంచును తాకి, ఒకసారి తడబడి, లోపలికి దిగింది.